పాత కూర్పులకు మద్దతు ఎంతకాలం?

ఒక ప్రోగ్రామింగు భాషలో కొత్త కూర్పు వెలువడిన ప్రతిసారీ, ఆ భాషలో లైబ్రరీలు రాసి నలుగురికీ పంచేవారికి ఒక ధర్మసందేహం కలుగుతుంది. పాత కూర్పునే వాడుతున్నవారి కోసం తమ లైబ్రరీ అందులో కూడా పనిచేసేలా ఇంకా ఎంతకాలం చూడాలి? ఎప్పుడు ఆపాలి? ఆపితే తిట్టేవారు కొందరు, ఆపకపోతే విసుక్కునేవారు కొందరు. రెండు పక్షాల వాదాలనూ చాలాకాలంగా వింటున్నాను. రెండింటిలోనూ కొంత న్యాయమూ, కొంత అతిశయోక్తీ ఉన్నాయి. ఈ విషయంలో నాకు కుదిరిన అభిప్రాయాన్ని ఈ టపాలో చెప్పదలచాను.

ప్రోగ్రాములతో పరిచయం లేని మిత్రుల కోసం ముందుగా రెండు మాటలు. లైబ్రరీ అంటే ఇక్కడ గ్రంథాలయం కాదు. పదిమందికీ పదేపదే అవసరమయ్యే పనిని ఒకరు శ్రద్ధగా రాసిపెడితే, మిగిలినవారు దాన్ని తమ ప్రోగ్రాములలోకి పిలిచి వాడుకుంటారు. అలా రాసిపెట్టిన సరంజామాయే లైబ్రరీ. అది ఒక భాషలో ఉంటుంది, ఆ భాషకు కూర్పులుంటాయి. కూర్పు కూర్పుకూ కొన్ని ప్రయోగాలు కొత్తగా చేరతాయి, కొన్ని తొలగిపోతాయి. పాత కూర్పు ఎరుగని వాక్యనిర్మాణాన్ని లైబ్రరీలో ఒక్కచోట వాడినా, పాత కూర్పున్న కంప్యూటరులో ఆ భాగం అసలు మొదలే కాదు. కనుక పాతవారిని వదలకూడదనుకున్న రచయిత కొత్త ప్రయోగాలనైనా వదులుకోవాలి, లేదా ఒకే పనిని రెండు రకాలుగా రాసిపెట్టాలి.

ఈ చిక్కుకు లోకమెరిగిన ఉదాహరణ పైథాన్ భాష. దాని 3.0 కూర్పు 2008 డిసెంబరు 3న వెలువడింది. పాత కూర్పుకు రాసిన ప్రోగ్రాములు ఇందులో యథాతథంగా నడవవని కర్తలు ముందే స్పష్టం చేశారు. ఆ తెగింపుకు ముఖ్యకారణాలలో ఒకటి మనకు చాలా దగ్గరిది: అక్షరాలు. పైథాన్ 2లో మామూలు అక్షరాల వరుస అంటే నిజానికి బైట్ల వరుసే. యూటీఎఫ్-8 పద్ధతిలో దాచిన "తెలుగు" అన్న మాట పొడవెంత అని అడిగితే 18 అనేది. మన లిపిలోని ఒక్కొక్క సంకేతానికీ మూడేసి బైట్లు కావాలి మరి. పైథాన్ 3 అదే ప్రశ్నకు 6 అని బదులిస్తుంది: తకారం, ఎత్వం, లకారం, కొమ్ము, గకారం, కొమ్ము. మనం వేళ్ళ మీద లెక్కించే మూడక్షరాలు దానికీ తెలియవు గాని, అది వేరే కథ. అంతకన్నా పెద్ద బాధ మరొకటుండేది. పైథాన్ 2లో బైట్ల వరుసనూ యూనికోడు వరుసనూ కలిపితే, అన్నీ ఆస్కీ అక్షరాలే అనుకుని అది ముందుకు సాగేది. మొదటి తెలుగు అక్షరం తగలగానే కుప్పకూలేది. ఇంగ్లీషు తప్ప మరొకటి రాయనివారికి ఆ ప్రోగ్రాము ఏళ్ళ తరబడి చక్కగా నడుస్తున్నట్టే కనబడేది. అందువల్ల ఆ మార్పు అనవసరపు ఆర్భాటమన్నవారితో నేను ఏనాడూ ఏకీభవించలేదు. ఆస్కీ దాటిన ప్రతి భాషకూ ఆ మార్పు అవసరం.

మార్పు మంచిదే అయినా, వలస పూర్తికావడానికి పదకొండేళ్ళు పట్టింది. ప్రోగ్రాములు రాసేవారు, మాకు కావలసిన లైబ్రరీలు కొత్త కూర్పులో లేవు, అవి వచ్చాక మేమూ వస్తామన్నారు. లైబ్రరీల నిర్వాహకులేమో, మా వాడుకరులందరూ పాత కూర్పులోనే ఉన్నారు, వారు కదిలాక మేమూ కదులుతామన్నారు. పిచ్చి కుదిరితే గాని పెళ్ళి కాదు, పెళ్ళయితే గాని పిచ్చి కుదరదు అన్న సామెత వీరిని చూసే పుట్టిందా అనిపించేది. 2010 జూలైలో వచ్చిన 2.7 కూర్పే ఆ వరుసలో చివరిదని, దానికి 2015తో మద్దతు ఆగుతుందని చెప్పారు. 2014లో ఆ గడువును 2020కి పొడిగించారు. ఈలోగా వంతెనలు కట్టినవారూ ఉన్నారు. రెండు కూర్పులలోనూ ఒకే ప్రోగ్రాము నడిచేందుకు తోడ్పడే లైబ్రరీకి సిక్స్ అని పేరు పెట్టారు. రెండు మూళ్ళు ఆరు అన్నది అందులోని చమత్కారం. యూనికోడు వరుసల ముందు పాతవారు పెట్టుకునే గుర్తును పైథాన్ 3 మొదట తీసివేసింది. వలస వచ్చేవారికి అది ముల్లులా తగులుతున్నదని గ్రహించి, 2012లో వచ్చిన 3.3 కూర్పులో మళ్ళీ అనుమతించింది. కర్తలు ఒక మెట్టు దిగి రావడం నాకు నచ్చిన విషయం.

అసలు కదలిక ఎప్పుడు వచ్చిందంటే, పెద్ద లైబ్రరీలు తేదీలు ప్రకటించినప్పుడు. జాలస్థలాల నిర్మాణానికి వాడే జాంగో, 2017 ఏప్రిల్‌లో వచ్చిన తన 1.11 కూర్పే పైథాన్ 2లో పనిచేసే చివరిదని చెప్పింది. ఆ కూర్పుకు 2020 ఏప్రిల్ దాకా మరమ్మతులు చేస్తానని మాట ఇచ్చింది. ఆ ఏడాది డిసెంబరులో వచ్చిన జాంగో 2.0 పైథాన్ 3కే పరిమితమైంది. శాస్త్రగణనాలకు ఆధారమైన నంపై బృందం 2017లోనే తన పట్టిక బయటపెట్టింది: 2018 చివరి దాకా రెండింటికీ మద్దతు, 2019 నుంచి కొత్త సదుపాయాలు పైథాన్ 3కు మాత్రమే, పాతవారికి మిగిలే చివరి కూర్పుకు 2019 చివరి దాకా దోషనివారణ. ఈ ప్రకటనలు చదివినవారికి ఏం జరగబోతున్నదో, ఎప్పుడు జరగబోతున్నదో, ఈలోగా తామెక్కడ నిలబడవచ్చో తెలిసింది. 2020 జనవరి 1తో పైథాన్ 2కు గడువు తీరింది. ఆ ఏప్రిల్‌లో 2.7.18 విడుదల చేసి తలుపు మూశారు.

నేను చెప్పదలచిన మాట ఇక్కడే ఉంది. పాత కూర్పును ఎప్పుడు వదలాలన్న ప్రశ్నకు, దాన్ని ఇంకా ఎందరు వాడుతున్నారన్న లెక్క జవాబు కాదు. తేదీ ముందుగా చెప్పారా, వదిలినవారికి నిలబడే చోటు మిగిల్చారా అన్న రెండు ప్రశ్నలే ముఖ్యం. ఈ రెండూ జరిగితే ఆ విరమణ న్యాయమైనది. ఇవి జరగకపోతే, పాతవారు పదిమందే మిగిలినా ఆ పదిమందికీ జరిగింది అన్యాయమే.

లెక్క ఎందుకు జవాబు కాదో చూద్దాం. మొదటిది, ఆ లెక్క ఎన్నడూ సున్నా కాదు. ఏ పాత కూర్పుకైనా ఎక్కడో ఒక గదిలో, ఎవరూ ముట్టుకోవడానికి సాహసించని ఒక సర్వరు ఉంటుంది. చివరి మనిషి కదిలేదాకా ఆగుతానన్నవాడు శాశ్వతంగా ఆగవలసిందే. రెండవది, ఆ లెక్కకు వాడే దిగుమతుల సంఖ్య మనుషుల సంఖ్య కాదు. ప్రతి చిన్న మార్పుకూ తమను తాము పరీక్షించుకునే యంత్రాలు ఒకే లైబ్రరీని రోజుకు వందలసార్లు దిగుమతి చేసుకుంటాయి. మరోవంక, ఒక అధ్యాపకుడు ఒకసారి దింపుకుని పెన్‌డ్రైవులో అరవైమంది విద్యార్థులకు పంచితే ఆ లెక్కలో అది ఒకటి. యంత్రాల రొద పెద్దగానూ, మనుషుల ఉనికి చిన్నగానూ వినిపించే కొలత అది. దాన్ని చూడవద్దనను, దానితో తీర్పు చెప్పవద్దంటాను.

లెక్క చూసి నడవడం ఎలా ఉంటుందో తెలియాలంటే పీహెచ్‌పీ చరిత్ర చూడాలి. సొంత జాలస్థలం నడిపిన మిత్రులకు ఇది పరిచితమే. పీహెచ్‌పీ 5 కూర్పు 2004 జూలైలో వచ్చింది. మూడేళ్ళు గడిచినా హోస్టింగు కంపెనీలలో చాలావాటిలో పీహెచ్‌పీ 4 రాజ్యమేలుతుండేది. ప్రోగ్రాములన్నీ 4లో నడుస్తున్నాయి గనుక మార్చే తొందర కంపెనీలకు లేదు. కంపెనీల దగ్గర 4 ఉన్నది గనుక వదిలే ధైర్యం ప్రోగ్రాములవారికి లేదు. మళ్ళీ అదే పెళ్ళి, అదే పిచ్చి. ఆ ముడిని విప్పడానికి 2007లో డ్రూపల్ మొదలైన అనేక ప్రాజెక్టులవారు ఒక ఒప్పందానికి వచ్చారు. 2008 ఫిబ్రవరి 5 తరువాత తాము తెచ్చే కొత్త కూర్పులకు పీహెచ్‌పీ 5.2 తప్పనిసరి అని అందరూ కలిసి ప్రకటించారు. ఒక్కడే వదిలితే వాడుకరులు పక్కవాడి దగ్గరికి పోతారు. అందరూ ఒకే తేదీన వదిలితే కదలవలసింది కంపెనీలే. పీహెచ్‌పీ వారు కూడా 2008 ఆగస్టు 8తో 4వ కూర్పుకు రక్షణ మరమ్మతులు ఆపివేశారు.

వర్డ్‌ప్రెస్ ఈ ఒప్పందపు బాట పట్టలేదు. దాని వాడుకరులలో ఎక్కువమంది ప్రోగ్రామర్లు కారు; కవిత్వమో, వంటలో, ఊరి కబుర్లో రాసుకునేవారు. తమ సర్వరులో ఏ పీహెచ్‌పీ ఉన్నదో వారికి తెలియదు, తెలియవలసిన అవసరమూ లేదు. అందుకని వర్డ్‌ప్రెస్ ఆగింది. 2011 జూలైలో వచ్చిన 3.2 కూర్పులో గాని పీహెచ్‌పీ 5.2ను తప్పనిసరి చేయలేదు. అప్పటికే ఆ 5.2కు సొంత కర్తల మద్దతు ఆగిపోయి ఆరు నెలలైంది. ఆ తరువాత దాదాపు ఎనిమిదేళ్ళు అక్కడే ఉండి, 2019 మేలో 5.6.20కి మారింది. ఆ 5.6 కూడా 2018 డిసెంబరుతోనే కాలం చేసింది. అంటే రెండుసార్లూ ఒక మృతకూర్పు నుంచి మరో మృతకూర్పుకు ప్రయాణం. తన వాడుకరులపై వర్డ్‌ప్రెస్‌కున్న కరుణను నేను శంకించను. కాని ఆ కరుణకు మూల్యం చెల్లించినవారు వేరే ఉన్నారు. దానికి అనుబంధాలు రాసేవారు ఎనిమిదేళ్ళపాటు పాత వ్యాకరణంలోనే రాయవలసి వచ్చింది. రక్షణ మరమ్మతులు లేని సర్వరులు ఇంకా పనికివస్తాయన్న భ్రమ నిలిచింది. చివరికి దారి చూపింది నిరీక్షణ కాదు, హెచ్చరిక. 2019 ఫిబ్రవరిలో వచ్చిన 5.1 కూర్పు నుంచి, సర్వరులో పాత పీహెచ్‌పీ ఉంటే నిర్వాహకుడి తెర మీదనే ఆ సంగతి చెప్పి, మార్చుకునే విధానం వివరించే ఏర్పాటు చేశారు. అది కొన్నేళ్ళు ముందు జరిగి ఉంటే ఎంత బాగుండేదో!

నిజానికి ఈ తీర్పు మనకు కొత్తది కాదు. తొలినాళ్ళ తెలుగు బ్లాగరులు దీన్ని ఇచ్చినవారే. అప్పట్లో తెలుగు పత్రికల స్థలాలు ఎవరి ఖతి వారిదిగా ఉండేవి. విండోస్ 98లో తెలుగు యూనికోడుకు ఏర్పాటే లేదు. 2001లో వచ్చిన ఎక్స్‌పీలో గౌతమి ఖతి ఉన్నా, సంక్లిష్ట లిపుల ఏర్పాటును సీడీ పెట్టి విడిగా చేర్చుకోవలసి వచ్చేది. అయినా బ్లాగరులు యూనికోడులోనే రాశారు. తెలుగుకు బదులు డబ్బాలు కనబడుతున్నాయన్నవారికి సహాయపు లంకెలు ఇచ్చారు, ఓపికగా వివరించారు. పాత ఖతులలో ఉన్నదాన్ని యూనికోడులోకి మార్చి చూపే పద్మ అనే పొడిగింత ఫైర్‌ఫాక్సు విహరిణికి వచ్చింది. అందరి కంప్యూటర్లూ సిద్ధమయ్యేదాకా ఆగుదామని కూర్చుని ఉంటే, ఆ రోజుల్లో రాసినదంతా ఈనాడు ఏ వెతుకుయంత్రానికీ అందని ఖతుల చెరలో ఉండేది. వెనకబడినవారి చేయి పట్టుకున్నారు, కాని వారి కోసం యూనికోడును వదులుకోలేదు. నేను కోరేది ఆ నీతినే.

ఇక పాతదాన్ని మోయడానికి అయ్యే ఖర్చు సంగతి. ఒక లైబ్రరీ ఐదు కూర్పులలో పనిచేస్తుందని చెప్పుకోవాలంటే ఐదింటిలోనూ పరీక్షించాలి. విండోస్, మాక్, లినక్స్ అని వ్యవస్థలు మూడు. ఐదు మూళ్ళు పదిహేను. తానాధారపడిన మరో లైబ్రరీకి రెండు కూర్పులు లెక్కవేస్తే ముప్ఫై. ఒక పాత కూర్పును వదిలితే ఇందులో ఆరు తగ్గుతాయి. పరీక్షలు యంత్రాలే చేస్తాయి, నిజమే. కాని వాటిలో ఒకటి విఫలమైనప్పుడు కారణం వెతికేది మనిషి, అది కూడా ఆదివారం మధ్యాహ్నం. ఎవరూ వాడకూడని కూర్పులో మాత్రమే వచ్చే దోషం కోసం పోయిన ఆ మధ్యాహ్నం, అందరికీ పనికివచ్చే మార్పుకు దక్కవలసింది. మద్దతు అన్నది ఒకసారి ఇచ్చి ఊరుకునే దానం కాదు. వారం వారం చెల్లించే వడ్డీ.

కనుక నేను పాటించదలచిన నియమాలు మూడు. మొదటిది: భాషాకర్తలు ఒక కూర్పును వదిలిన తరువాత, స్వచ్ఛందంగా పనిచేసే లైబ్రరీ రచయిత దాన్ని మోయనక్కరలేదు. పైథాన్‌కు 3.9 కూర్పు నుంచి ఏటా అక్టోబరులో కొత్త కూర్పు రావడం పద్ధతి అయింది. ప్రతి కూర్పుకూ మొత్తం ఐదేళ్ళ మద్దతు. తేదీలన్నీ ఏళ్ళ ముందే బహిరంగం. 3.8కి 2024 అక్టోబరులోనూ, 3.9కి 2025 అక్టోబరులోనూ గడువు తీరింది. పునాదికే మరమ్మతు లేనప్పుడు పైకప్పుకు సున్నం వేసి ఇల్లు భద్రమని చెప్పడం మోసగించడమే అవుతుంది.

రెండవది: ఆ గడువుకన్నా ముందే వదలదలచినవారు దానికి తగిన లాభం చూపాలి, తేదీ కూడా ముందే చెప్పాలి. శాస్త్రగణనాల లైబ్రరీలవారు 2019లో చేసుకున్న కట్టుబాటు ప్రకారం ఒక కూర్పు వచ్చిన 42 నెలలకు దాన్ని వదలవచ్చు. తరువాత వచ్చిన మరో కట్టుబాటు దాన్ని మూడేళ్ళకు కుదించింది. వారివి భారీ నిర్మాణాలు, ఒకదానిపై ఒకటి ఆధారపడినవి. అందరూ ఒకే పట్టికను పాటించడంలో సౌలభ్యం ఉంది. పట్టిక బహిరంగం గనుక నాకు అభ్యంతరమూ లేదు. కాని ఆ పట్టికను చూసి, రెండు వందల పంక్తుల చిన్న లైబ్రరీ రచయిత కూడా మూడేళ్ళు దాటగానే తలుపు మూయడం నాకు నచ్చదు. ఆ వదలడం వల్ల ఏ కొత్త ప్రయోగమూ వాడుకోకుండా, ఒక్క పంక్తీ తగ్గకుండా, ఊరకే అంకె మార్చి జనాన్ని బయట నిలబెట్టడం ఆధునికత అనిపించుకోదు.

మూడవది: వదిలినవారికి చివరి కూర్పు చెక్కుచెదరకుండా అందాలి. ఇది అన్నిటికన్నా ముఖ్యం, అందరూ మరచేదీ ఇదే. ఈ లైబ్రరీకి ఫలానా కూర్పుకన్నా పాత పైథాన్ పనికిరాదు అని లైబ్రరీతోపాటు ఒక సూచన రాసిపెట్టే వీలుంది. 2016 నవంబరులో వచ్చిన పిప్ 9.0 నుంచి, లైబ్రరీలను దింపిపెట్టే ఆ సాధనం ఈ సూచనను చదువుతుంది. పాత పైథాన్ వాడేవారికి సరికొత్తదాన్ని కాక, వారికి సరిపడే చివరిదాన్ని తెచ్చి ఇస్తుంది. అంతకు ముందు అలా కాదు. సరికొత్తదాన్నే తెచ్చి పడవేసేది, నిన్నటిదాకా నడిచిన ప్రోగ్రాము తెల్లవారేసరికి ఆగిపోయేది. ఐపైథాన్ 2017 ఏప్రిల్‌లో తన 6.0 కూర్పుతో పైథాన్ 2ను వదిలినప్పుడు ఈ సూచన అక్కరకు వచ్చింది. పాతవారికి 5వ వరుస అందుతూ ఉండింది. ఒక్క పంక్తి సూచన అది. దాన్ని రాయకుండా వదిలివేసిన రచయిత, తన దారిన తాను పోవడమే కాక వెళ్తూ వెళ్తూ వెనకవారి నిచ్చెన లాగివేసినట్టే. అలాగే, దోషనివారణ కోసం మాత్రమే చేసే చిన్న విడుదలలో పాత కూర్పును వదలడం తగదు. మందు అని చెప్పి ఇచ్చినదానిలో బహిష్కరణ ఉండరాదు.

ఈ నియమాలు నాకు పుస్తకాలలో దొరికినవి కావు. తీరికవేళల్లో నేను నిర్వహించే చిన్న లైబ్రరీ ఒకటుంది. పద్యపాదం ఇస్తే అక్షరాలుగా విడదీసి గురులఘువులను గుర్తిస్తుంది. దాన్ని వాడేవారు కొద్దిమందే. పాత ముద్రణలలో పదాంతంలో పొల్లు నకారానికి వాడిన నకారపొల్లు అనే ప్రత్యేక రూపం మనలో పాత పుస్తకాలు చదివేవారికి తెలుసు. యూనికోడులో దానికి 2021లో, 14.0 కూర్పులో గాని స్థానం దొరకలేదు. పైథాన్ తనలో దాచుకునే అక్షరాల పట్టిక 3.11 కూర్పులో గాని ఆ మెట్టుకు చేరలేదు. 3.10కీ అంతకు ముందువాటికీ ఆ సంకేతం అసలు అక్షరమే కాదు, ఖాళీ స్థానం. పదాంతంలో పొల్లు ఉంటే దాని ముందరి అక్షరం గురువవుతుందని మనకు తెలుసు. ఆ పొల్లును గుర్తించలేని కూర్పు ముందరి అక్షరాన్ని లఘువుగా లెక్కిస్తుంది. గణం మారిపోతుంది, చక్కని పద్యానికి ఛందోభంగం అంటగడుతుంది.

అందుకని ఆ ఒక్క సంకేతం కోసం నా లైబ్రరీలో ప్రత్యేకమైన మినహాయింపు ఉంది. 3.11 మొదలు మాత్రమే చాలుననుకుంటే దాన్ని వెంటనే కొట్టివేయవచ్చు. కాని 3.10కి భాషాకర్తలు ఇచ్చిన గడువు 2026 అక్టోబరు. రెండు పంక్తుల మినహాయింపు మోయలేని బరువు కాదు. ఆ గడువు దాకా మోయడమే నా రెండవ నియమానికి న్యాయం.

3.8 విషయంలో మాత్రం వేరే నిర్ణయం చేశాను. దాని గడువుకు ఆరు నెలల ముందే విరమణ ప్రకటించాను. ఒక కళాశాల నుంచి తెలుగు అధ్యాపకులొకరు రాశారు. వారి ప్రయోగశాలలో విండోస్ 7 కంప్యూటర్లున్నాయి. పైథాన్ 3.9 నుంచి విండోస్ 7లో ఎక్కదు, 3.8 దగ్గరే వారి దారి ఆగిపోతుంది. "కొత్త యంత్రాలు ఎప్పుడొస్తాయో మా చేతుల్లో లేదండీ. మా పిల్లలు ఛందస్సును ఆటలా నేర్చుకుంటున్నారు. మమ్మల్ని వదలవద్దు" అని వారి లేఖ. ఆ లేఖ ముందు పెట్టుకుని నియమాలు వల్లించడం సులువు కాదు. పాత యంత్రం ఎవరి దగ్గర ఉంటుందో తెలియనిదేమీ కాదు. కొత్తది కొనలేనివారి దగ్గర, కొనమని అడిగే అధికారం లేనివారి దగ్గర ఉంటుంది. మద్దతు విరమణలో ఎప్పుడూ ముందు దెబ్బతినేది వారే.

అయినా విరమించాను. వారికి ఇలా రాశాను: "అయ్యా, మీ పిల్లల కంప్యూటర్లలో ఇప్పుడు నడుస్తున్నది రేపూ నడుస్తుంది. మీకు సరిపడే చివరి కూర్పు ఎప్పటికీ అందుబాటులో ఉంటుంది. కొత్త వృత్తాలు అందులో చేరవు, అంతే. గురులఘువుల గుర్తింపులో తప్పు బయటపడితే అది మాత్రం ఆ కూర్పులోనూ సవరిస్తాను. ఇంకొక్క మాట. విండోస్ 7కే 2020 జనవరితో మద్దతు ఆగిపోయింది. ఇంటర్నెట్టుకు కలిపి ఉంచిన ఆ యంత్రాల గురించి నా లైబ్రరీ గురించికన్నా ఎక్కువగా ఆలోచించండి. తేలికపాటి లినక్స్ ఎక్కిస్తే అవే యంత్రాలు కొత్త పైథాన్‌ను నడపగలవు." ఆ పని ఎలా చేయాలో కూడా రాసి పంపాను. వారు పూర్తిగా సమాధానపడ్డారని చెప్పలేను. కాని వారి తరగతి ఒక్కరోజు కూడా ఆగలేదు. నా దృష్టిలో విరమణకు గీటురాయి అదే.

ఇక్కడ రెండు అభ్యంతరాలు వస్తాయి. ఉచితంగా ఇచ్చేవాడికి ఏ బాధ్యతా లేదు, ఇష్టమొచ్చినప్పుడు వదలవచ్చు అన్నది మొదటిది. చట్టప్రకారం అది నిజం. కాని మన లైబ్రరీ వాడండని పత్రంలో రాసి, ఉదాహరణలిచ్చి, పదిమందిని పిలిచినవాళ్ళం మనమే. చలివేంద్రం పెట్టినవాడు జీవితాంతం నీళ్ళు పోయనక్కరలేదు. రేపటి నుంచి ఉండదని ఒక పలక కట్టడం మాత్రం మర్యాద. దాహంతో వచ్చినవాడు ఖాళీ కుండ చూసి తెలుసుకోవలసిన సంగతి కాదది.

రెండవది దానికి సరిగ్గా ఎదురు: పాత వ్యవస్థలను పదేళ్ళు నమ్ముకునే పెద్ద సంస్థలున్నాయి, వాటి కోసమైనా మోయాలి అన్నది. నిజమే. 2014లో వచ్చిన రెడ్ హ్యాట్ లినక్స్ 7, పైథాన్ 2.7తో వచ్చి, 2024 జూన్ 30 దాకా మద్దతు పొందింది. అందులో తప్పేమీ లేదు. కాని ఆ మద్దతు సొమ్ము చెల్లించి కొనుక్కున్నది. అమ్మిన సంస్థ ఆ పదేళ్ళూ పాత కూర్పుకు మరమ్మతులు చేసింది. పదేళ్ళ స్థిరత్వం కావలసినవారికి అది అమ్మేవారున్నారు. అదే సేవను ఎక్కడో ఉద్యోగం చేసుకుంటూ రాత్రిళ్ళు లైబ్రరీ నడిపే మనిషి నుంచి ఉచితంగా ఆశించడం, అదీ తాము మార్చుకోగలిగి ఉండి, న్యాయం కాదు. ఆ అధ్యాపకుల లేఖనూ, పెద్ద సంస్థ పంపే ఆజ్ఞాపూర్వకమైన ఫిర్యాదునూ నేను ఒకే తూకంలో వేయలేను. మొదటివారికి ఒక సాయంత్రం ఇస్తాను. రెండవవారికి ధర చెబుతాను.

పాతదాన్ని ఎప్పుడు వదలాలన్న ప్రశ్నలో ఎప్పుడు అన్న మాట మీదనే మనం ఇంతకాలం కొట్లాడాం. నా మటుకు ఆ తేదీని భాష క్యాలెండరుకే వదిలివేశాను. అందులో నా ఇష్టాయిష్టాలకు చోటు లేదు. నా బాధ్యత ఎలా అన్న మాటలో ఉంది. తేదీ ముందే చెప్పాలి, చివరి కూర్పును పదిలంగా ఉంచాలి, అడిగినవారికి తరువాతి మెట్టు చూపాలి. లైబ్రరీలు నడిపే మిత్రులు తమ పత్రాలలో ఈ మూడింటికీ మూడు పంక్తులు ఉన్నాయో లేదో ఒకసారి చూసుకోవాలని మనవి. లేకపోతే, చేర్చడానికి పట్టేది పది నిమిషాలు.